రక్షించు పూత, భక్షించు పూత

రాయి చిరకాలము నిలుచునని లోకమున ఒక నమ్మకము కలదు. చెరగని మాటను శిలాక్షరమందురు. చలింపని మనసును బండరాతితో పోల్చుదురు. కాని శిల్పులకును, తాపీ మేస్త్రీలకును తెలిసిన నిజము వేరు. రాయి, ఇటుక, గార, సిమెంటు కాంక్రీటు ఇవి యన్నియు కంటికి ఘనముగా కన్పించినను, లోపల కోటానుకోట్ల సన్నని రంధ్రములు గల పదార్థములే. ఆ రంధ్రములలో నీరు సంచరించును. నీటి వెంట ఉప్పు సంచరించును. ఈ రెండింటి రాకపోకలే పెక్కు కట్టడముల ఆయుర్దాయమును నిర్ణయించును.

ఈ రాకపోకలను అరికట్టవలెనను కోరికతోనే మానవుడు గోడలకు పూతలు కనిపెట్టెను. పూర్వము మైనము, నూనె, లక్క, గుగ్గిలము వాడిరి. నేడు అంగళ్లలో రసాయన ద్రవములు డబ్బాలకొలది దొరకుచున్నవి. నీటినుండి రక్షణ యను మాట వాటిలో ప్రతి డబ్బామీదను కన్పించును. అయినను రక్షింపవలసిన పూతయే ఒక్కొక్కప్పుడు గోడను భక్షించుట కద్దు. వేసవిలో వేసిన రంగు వానకాలము వెళ్లకముందే బుడగలెత్తి పెచ్చులుగా రాలుట ఎన్ని ఇండ్లలో, ఎన్ని పాఠశాలలలో కానరాదు! తప్పు రంగుదా, గోడదా, ఎన్నుకొన్నవారిదా? ఈ ప్రశ్నకు సమాధానము రెండు ప్రసిద్ధ ప్రాచీన వస్తువుల చరిత్రలో దొరకును.

న్యూయార్కు చేరిన శిలాస్తంభము

క్రీస్తుకు పూర్వము 15వ శతాబ్దమున ఈజిప్టును ఏలిన మూడవ థుట్మోసు, హెలియోపొలిసు నగరమున సూర్యదేవుని ఆలయమునెదుట రెండు మహాస్తంభములను నిలిపెను. ఆస్వాను గనులలోని ఎఱ్ఱని గ్రానైటు రాతితో చేసిన ఏకశిలలవి. రోమకుల కాలమున వాటిని అలెగ్జాండ్రియాకు తరలించిరి. క్లియోపాత్రా సూదులను పేరు వాటికి తరువాత వచ్చినది. వాటిలో ఒకటి లండను నగరమునకును, రెండవది అమెరికాకును చేరినవి. అమెరికాకు చేరిన స్తంభమును 1881 జనవరి 22వ తేదీన న్యూయార్కు సెంట్రల్ పార్కులో నిలిపిరి. దాని ఎత్తు సుమారు 70 అడుగులు.

ఈజిప్టు ఎండలో మూడువేల ఏండ్లకు పైగా నిలిచిన ఆ శిల, న్యూయార్కు గాలిలో నాలుగైదేండ్లు గడువకముందే పెచ్చులూడసాగెను. రాజు పేరును, దేవతల స్తుతులును చెక్కిన చిత్రలిపి పొడిపొడిగా రాలిపోవుచుండెను. నగరాధికారులు కలవరపడి 1885లో దానికి మైనపు పూత వేయించిరి. మొదట వదులైన పెచ్చులను ఊడదీసిరి. ఆ ఊడదీసిన రాతి ముక్కల బరువే సుమారు 780 పౌనులు! తరువాత బొగ్గు కుంపట్లతో శిలను వేడిచేసి, కరగిన పారఫిన్ మైనమును దానిలోనికి ఇంకించిరి.

పైనుండి పడు వానయు, గడ్డకట్టు మంచును రాతిని పగులగొట్టుచున్నవని ఆనాటివారి భావన. ఆ భావన పూర్తిగా అసత్యము కాదు. కాని 1960లలో ఎర్హార్డ్ వింక్లర్ అను భూగర్భ శాస్త్రజ్ఞుడు ఈ స్తంభమును గూర్చి పరిశోధించి మరియొక కారణమును చూపెను. పూర్వమెన్నడో ఈ స్తంభము హెలియోపొలిసున కూలి, శతాబ్దములపాటు నైలునది చెమ్మ గల నేలపై పడియుండెను. ఆ కాలమున భూమిలోని ఉప్పునీరు రాతిలోనికి ప్రాకినది. ఈజిప్టు పొడిగాలిలో ఆ ఉప్పు నిద్రించినట్లు ఊరకుండెను. తేమ గల న్యూయార్కు గాలి సోకగానే అది మేల్కొన్నది. అనగా శత్రువు కోట వెలుపల మాత్రమే కాదు, లోపలను ఉండెను. కోట తలుపులకు ఎంత గట్టి గడియ వేసినను లోపలి శత్రువు లోపలనే యుండును గదా!

2014లో ఈ స్తంభమునకు మరల చికిత్స జరిగినది. ఆ సందర్భమున శిలను తాకకయే మసిని తొలగించు లేసరు కిరణములతో దానిని శుభ్రము చేసిరి. కాని 1885లో రాలిన అక్షరములను తిరిగి తెచ్చు కిరణము ఏదియు లేదు.

ఉప్పు ఎట్లు రాతిని చీల్చును?

ఇటుక ఎంత నీరు పీల్చునో తెలిసికొనుటకు ప్రయోగశాల అక్కరలేదు. ఎండిన ఇటుకను తూచి, ఒకనాడు నీట నానబెట్టి, మరల తూచిన చాలును. భారతీయ ప్రమాణముల ప్రకారము సాధారణ తరగతి కాల్చిన ఇటుక 24 గంటలు నానినప్పుడు తన బరువులో నూటికి 20 పాళ్లకు మించి నీరు పీల్చరాదు. అనగా మూడు కిలోల ఇటుక మంచిదనిపించుకొనుచునే 600 గ్రాముల నీటిని త్రాగగలదు. దీపపు వత్తిలోనికి నూనె ఎక్కినట్లే, పునాదిలోని చెమ్మ ఇటుక రంధ్రముల గుండ గోడలోనికి ఎక్కును. భౌతికశాస్త్ర పాఠములలో దీనిని కేశనాళికీయత యందురు. ఇంటివారు నిమ్ము ఎక్కినదందురు.

ఎక్కిన నీరు గోడ ముఖమున ఆవిరియై పోవును. నీటితో వచ్చిన ఉప్పు ఆవిరి కాలేదు. అది గోడమీదనే తెల్లని బూజువలె తేలును. చవుడు పట్టిన గోడ యని పల్లెలలో అనునది దీనినే. ఉప్పు గోడపైన తేలినంత కాలము కీడు స్వల్పము. చీపురుతో తుడిచిన రాలిపోవును. గోడ ముఖము మూసికొనిపోయి, ఉప్పు లోపలనే స్ఫటికములు కట్టినచో ఆపద మొదలగును. స్ఫటికము పెరుగుటకు చోటు కావలెను. చోటు చాలనిచో అది గార పొరను నెట్టును. సోడియం సల్ఫేటు అను లవణము పొడిగా నున్నప్పటికంటె, పది అణువుల నీటిని చేర్చుకొన్న స్ఫటికముగా మారినప్పుడు సుమారు నాలుగు రెట్ల చోటును ఆక్రమించును. గోడ తడిసి ఆరినప్పుడెల్ల ఈ మార్పు జరుగుచుండును. సన్నని రంధ్రములలో సాగు ఈ నెట్టివేతకు గ్రానైటు సైతము తాళజాలదు. ఇక గార తాళునా?

కనుకనే నిమ్ము గల గోడకు గాలి చొరని రంగు పూయుట, మరుగుచున్న కుండకు మూత బిగించుటవంటిది. మూత ఎగిరిపడిన తప్పు మూతదా, మంటను ఆర్పక మూత పెట్టినవారిదా?

అజంతాలో లక్క పూత

రెండవ కథ తెలుగువారికి దగ్గరిది. అజంతా గుహలు ఆనాటి హైదరాబాదు సంస్థానములోనివి. అందలి చిత్రములు పెచ్చులూడుచుండగా, నిజాము ప్రభుత్వమువారు వాటి రక్షణకై ఇటలీ దేశమునుండి లోరెంజో చెక్కోని అను నిపుణుని, ఆయన సహాయకుడు ఓర్సీనిని రప్పించిరి. 1920 మొదలు 1922 వరకు వారు అచట పనిచేసిరి. రాలుటకు సిద్ధముగానున్న గారను గోడకు అతికించి నిలిపిన మేలు వారిది. ఆ మేలును మరువరాదు.

కాని వారు చిత్రములపై రక్షణగా లక్కతో చేసిన వార్నీషును పూసిరి. పూసిన నాడు రంగులు తళతళలాడియుండును. ఏండ్లు గడచుకొలది ఆ లక్క పసుపువారి, గోధుమవన్నెకు తిరిగి, చిత్రములను మసకతెరవలె కప్పివేసినది. ఆ తెరను అంగుళము అంగుళముగా తొలగించుట భారత పురావస్తుశాఖ రసాయనజ్ఞులకు దీర్ఘకాల పరిశ్రమ యైనది. చిత్రము చెడకుండ వార్నీషు మాత్రమే కరగవలెను గదా!

చెక్కోని అజ్ఞాని కాడు. ఆ కాలమున ఐరోపాలో పేరొందిన పద్ధతినే ఆయన అనుసరించెను. అందువలననే ఈ పాఠము మరింత విలువైనది. ఏ పూతనైనను పూయుటకు ముందు రెండు ప్రశ్నలు వేయవలెను. ఇది ముప్పది ఏండ్ల తరువాత ఎట్లుండును? వలదనుకొన్ననాడు దీనిని తీయవచ్చునా?

తామరాకు పాఠము

నీటిని రానీయక, ఆవిరిని పోనిచ్చు పూత యొకటి ఉండునా? ప్రకృతిలో అది యుగయుగములుగా ఉన్నది. తామరాకుమీది నీటిబొట్టు అంటీ అంటని బ్రతుకునకు ఉపమానమని తెలుగువారందరెరుగుదురు. విల్హెల్మ్ బార్త్‌లోట్ అను జర్మను వృక్షశాస్త్రజ్ఞుడు తామరాకును ఎలక్ట్రాను సూక్ష్మదర్శినిలో పరిశీలించి, ఆ వింతలోని మర్మమును 1990లలో లోకమునకు వివరించెను. ఆకుపై కంటికి కానరాని బుడిపెలు కలవు. వాటిపై మైనపు నలుసులు కలవు. నీటిబొట్టు ఆ బుడిపెల కొనలపై మాత్రమే నిలుచును గాని ఆకును తడుపదు. మరియొక విశేషము గలదు. నీటిపై తేలు తామరాకు ఊపిరి పీల్చు పత్రరంధ్రములు పైముఖముననే యున్నవి. వానను త్రోసిపుచ్చుచునే ఆ ఆకు ఊపిరి పీల్చుచున్నది!

గోడకు కావలసిన పూతయు ఇట్టిదే. సైలేను, సైలాక్సేను అను సిలికాను సమ్మేళనములు ఇంచుమించుగా ఈ పనిని చేయును. ఇవి గోడపై పొరగా నిలువవు. రంధ్రములలోనికి ఇంకి, వాటి లోగోడలకు అంటుకొని, వాటికి నీటియెడ విముఖతను కలిగించును. గాజు గొట్టములో నీరు పైకెక్కుటయు, పాదరసము క్రిందికి దిగుటయు పాఠశాలలో చూపించుచుందురు. స్పర్శకోణము 90 డిగ్రీలకు తక్కువయైన ద్రవము ఎక్కును. ఎక్కువయైన ద్రవము దిగును. సైలేను సోకిన రంధ్రములో నీటి స్పర్శకోణము 90 డిగ్రీలు దాటును. అప్పుడు నీరు పాదరసమువలె వెనుకంజ వేయును. రంధ్రము మాత్రము తెరచియే యుండును; లోపలి ఆవిరి వెలికి పోగలదు.

తెలుగు నాటి పూర్వపు మేస్త్రీలకు సైలేను తెలియదు. గోడ ఊపిరి తెలియును. గానుగలో నూరిన డంగు సున్నమునకు కరక్కాయ నీరు, బెల్లపు నీరు చేర్చి వారు గచ్చు వేసిరి. ఏటేట పండుగలకు సున్నము కొట్టించిరి. ఆ సున్నపు పొర నీటిని పూర్తిగా ఆపదు. కాని ఆవిరికి అడ్డురాదు, తాను అరిగి గోడను కాపాడును. అట్టి పాత గోడలకు మన్నికయని తలచి సిమెంటు పూసి, ఆపైన ప్లాస్టిక్ రంగు వేసినచో, ఆవిరికి దారి మూసికొని నిమ్ము మరింత ఎత్తునకు ఎక్కును. పాత గోడకు పాత సున్నమే మందు.

మూడు జాతులు, మూడు స్వభావములు

నేడు దొరకు పూతలను స్వభావమును బట్టి మూడు జాతులుగా విభజింపవచ్చును.

మొదటిది పైపొర కట్టు జాతి. అక్రిలిక్, ఎపాక్సీ, పాలియురితేన్ పూతలు దీనిలోనివి. ఇవి ఉపరితలమున తెరవలె నిలిచి మెరుపునిచ్చును. నూనె మరకలను, రాపిడిని తాళును. కర్మాగారపు నేలలకు, ప్రయోగశాలల బల్లలకు ఇవి తగును. అడుగునుండి చెమ్మ రాకుండుట దీనికి ముఖ్య నియమము. అందును ఎపాక్సీ ఎండకు ఓర్వదు. పసుపువారి పొడి రాలును. నేలపై నేరుగా పరచిన షాబాదు, తాండూరు బండలకు మెరుపు వార్నీషు పూసినచో, అడుగునుండి వచ్చు చెమ్మ ఆ పొరను తెల్లబరచి లేపును. అట్టిచోట లోనికి ఇంకు ద్రవమే మేలు.

రెండవది గట్టిపరచు జాతి. సోడియం, పొటాషియం, లిథియం సిలికేట్లు ఇందు చేరును. కాంక్రీటులోని సున్నముతో ఇవి కలిసి సిమెంటు గట్టిపడునప్పుడు పుట్టు పదార్థమువంటి దానినే పుట్టించి, రంధ్రములను కొంత పూడ్చును. దుమ్ము రేగు కాంక్రీటు నేల వీటివలన గట్టిపడును. సున్నము లేని ఇటుకకు, గ్రానైటుకు వీటివలన ప్రయోజనము లేదు. శిలలను సిలికా సమ్మేళనములతో గట్టిపరచవలెనను ఆలోచన పాతది. లండను పార్లమెంటు భవనపు రాళ్లు బొగ్గుపొగలోని ఆమ్లములకు కరగిపోవుచుండగా, 1861లో హోఫ్మన్ అను రసాయనజ్ఞుడు సిలిసికామ్లపు ఎస్టరులను వాడుమని సూచించెను. ఆ సూచన విరివిగా ఆచరణకు వచ్చుటకు 20వ శతాబ్దము కావలసివచ్చినది. ఈలోగా ఆ భవనమున చాల రాళ్లను మార్చి వేరు రాళ్లను పెట్టిరి.

మూడవది పైన చెప్పిన నీటి విముఖ జాతి. సైలేను అణువులు చిన్నవి. దట్టమైన కాంక్రీటులోనికి లోతుగా చొరగలవు. సైలాక్సేను అణువులు పెద్దవి. ఇటుకవంటి గుల్ల పదార్థములకు తగినవి. వాన తాకు బయటి గోడలకు ఈ జాతి ఉత్తమము. రంగు మార్పు కూడ సామాన్యముగా ఉండదు. అయినను దీనికిని హద్దులు కలవు. ఇది బీటలను పూడ్చదు. నీటితొట్టిలోను, భూగృహములోను నీటి ఒత్తిడికి నిలువలేదు. నీరు నిలిచిన మిద్దెను కాపాడలేదు. కొన్నాళ్లకు గోడపై నీటిబొట్లు ముత్యములవలె దొరలుట మానివేసినను మందు చచ్చినదనుకొనరాదు. ఎండకు పైముఖమున పట్టు తప్పినను లోతున అది పనిచేయుచుండవచ్చును.

ఇనుము దాచుకొన్న కాంక్రీటు

నేటి పాఠశాలలు, వంతెనలు చాలభాగము ఇనుప కడ్డీలు గల కాంక్రీటుతో కట్టినవి. కొత్త కాంక్రీటు గాఢమైన క్షారము, దాని పి.హెచ్. విలువ 12కు పైబడి యుండును. ఆ క్షారమున ఇనుము త్రుప్పు పట్టదు. కాని గాలిలోని బొగ్గుపులుసు వాయువు ఏండ్ల తరబడి లోనికి చొచ్చుచు క్షారమును తగ్గించును. సముద్రతీరమున ఉప్పుగాలిలోని క్లోరైడులు లోనికి ప్రాకి ఇనుపకడ్డీ రక్షణను ఛేదించును. త్రుప్పు ఇనుముకంటె రెండు మొదలు ఆరు రెట్ల చోటును ఆక్రమించును. అందుచేతనే పాత కప్పులనుండి కాంక్రీటు పెచ్చులు ఊడిపడి కడ్డీలు బయటపడుచుండును. ఆ కప్పు క్రింద పిల్లలు కూర్చుందురన్న సంగతి మరువరానిది.

విశాఖపట్నము, కాకినాడ, మచిలీపట్నము వంటి తీర పట్టణములలో కొత్త కాంక్రీటుకు సైలేను పూత క్లోరైడుల రాకను చాలవరకు తగ్గింపగలదు. ఉప్పు ఇదివరకే కడ్డీని చేరినచో, త్రుప్పు ఇదివరకే మొదలైనచో, పైపూత వ్యాధిని కప్పిపుచ్చును గాని మాన్పదు. అప్పుడు చెడిన భాగమును తొలచి, కడ్డీని శుభ్రపరచి, మరల కాంక్రీటు వేయవలసినదే. పెచ్చులూడు కప్పునకు రంగు వేయించుట ప్రమాదమునకు ముసుగు వేయించుటయే.

ఎంపికకు ముందు పరీక్షలు

పూత కొనుటకు ముందు చేయదగిన పరీక్షలు కష్టమైనవి కావు. వీటిలో కొన్ని తరగతి గదిలోనే పాఠములు కాగలవు.

గోడమీద నీటిబొట్టు వేసి చూడవలెను. వెంటనే ఇంకి నల్లని మచ్చ పడినచో గోడ దాహముతో ఉన్నదని అర్థము. లోనికి ఇంకు ద్రవములు అచట పట్టును. బొట్టు పైననే నిలిచినచో పాత పూత ఏదో ఉన్నదన్నమాట. దానిమీద ఇంకెడి ద్రవము పోయుట వ్యర్థవ్యయము.

కాంక్రీటు నేలపై 18 అంగుళముల చదరపు ప్లాస్టిక్ కాగితమును పరచి, నాలుగంచులను అంటుబిళ్లతో బిగించి, 16 గంటలు తక్కువ కాకుండ ఉంచవలెను. తీసినపుడు క్రింద నీటి తుంపరలు కనబడినను, నేల నల్లబడినను, అడుగునుండి చెమ్మ వచ్చుచున్నదని తెలియును. అట్టి నేలపై పైపొర కట్టు పూత నిలువదు.

పాత కాంక్రీటు ముక్కను అప్పటికప్పుడు పగులగొట్టి, పగిలిన ముఖమున ఫినాల్ఫ్తలీన్ ద్రావణమును చిలికినచో, క్షారము మిగిలిన భాగము గులాబిరంగు తాల్చును. క్షారము నశించిన భాగము రంగు మారక నిలుచును. రంగులేని అంచు కడ్డీ ఉన్న లోతును సమీపించినదేమో దీనివలన తెలియును. రసాయనశాస్త్ర తరగతిలో ఆమ్లక్షారముల పాఠమునకు ఇంతకంటె సార్థకమైన ఉదాహరణము దొరకుట అరుదు.

రెండు ఇటుకలను తీసికొని, ఒకదాని పైసగమునకు మైనము పూసి, రెండింటిని ఉప్పునీటి పళ్లెములో నిలిపి కొన్ని వారములు గమనించుట మరియొక ప్రయోగము. ఉప్పు ఏ ఇటుకమీద ఎచట తేలుచున్నదో విద్యార్థులే దినచర్యగా వ్రాసికొనవచ్చును. న్యూయార్కు స్తంభము కథను వారు కన్నులార చూతురు.

పరీక్షలైన తరువాత నీటి మూలమును వెదకవలెను. కారు తూమును బాగుచేయింపక, పగిలిన గొట్టమును మార్పింపక, మిద్దెకు వాటమేర్పరుపక, గోడ మొదటిలో మురుగునీరు నిలువకుండ చేయక పూత కొనుట నీళ్లకుండ చిల్లిని వదలి కుండకు ముగ్గు పెట్టుటవంటిది. పునాదికిని గోడకును నడుమ నిమ్మును ఆపు పొర లేనిచో, ఆ కొరతను పైపూత తీర్చలేదు. మూలము తెగి గోడ ఆరిన తరువాతనే పూత సంగతి. కొత్త కాంక్రీటును సామాన్యముగా 28 దినములు పక్వము కానీయవలెను. సైలేను ఎండలో త్వరగా ఆవిరియై పోవును గనుక, మధ్యాహ్నపు వడగాలిలో గాక చల్లని వేళ పూయవలెను. అన్నింటికంటె ముందు, కనబడని మూల ఒక జానెడు చోట పూసి, ఒక వానకాలము వేచిచూచుట వివేకుల లక్షణము.

పూత వ్యాపారి డబ్బామీద వ్రాయునది పూత గుణము. గోడ గుణము గోడయందే వ్రాయబడి యుండును. నిమ్ము మరకగా, ఉప్పు బూజుగా, పెచ్చుగా, బీటగా అది తన కష్టమును చెప్పుకొనుచునే యుండును. ఆ వ్రాతను చదువ నేర్చినవారికి పూతను ఎన్నుకొనుట కష్టము కాదు. చదువనేరక మూసివేసినవారికి మాత్రము, ఎంత విలువైన పూతయైనను వచ్చే వానకాలము వరకే.